విశ్వాసము, కర్తవ్యము

బుద్ధి తెలిసిన ప్రతి మనుష్యునకును ఏదో యొకనాడు మూడు ప్రశ్నలు ఎదురగును. నేను దేనిని నమ్ముదును? నేనెవరిని? నేను దేనికొరకు బ్రతుకుచున్నాను? ఇవి పెద్దవారికి సంబంధించిన ప్రశ్నలని, తమకు వీనితో పనిలేదని బాలబాలికలు తలంతురు. అది సరికాదు. పరీక్షకు పోవుచు దారిలో గుడిముందు ఆగి నమస్కరించు బాలుడు, తనకు తెలియకయే, మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నాడు. "మీరెవరు? ఎవరి పిల్లవు?" అని క్రొత్తవారు అడిగినపుడు ఏమి చెప్పవలెనో తోచక తడబడు బాలిక రెండవ ప్రశ్నను ఎదుర్కొనుచున్నది. పెద్దయైన పిమ్మట ఏమి కావలెనని ఆలోచించు ప్రతి విద్యార్థియు మూడవ ప్రశ్నయొద్ద నిలిచియున్నవాడే.

ఈ ప్రశ్నలను గూర్చి ఆలోచించుటకు హిమాలయ గుహలకు పోనక్కరలేదు. మన తెలుగునాటి తూర్పు తీరముననే అందులకు తగిన చోటొకటి కలదు. అది శ్రీహరికోట.

సూళ్లూరుపేటలో రైలు దిగి తూర్పుగా పోయినచో కొంత దూరమునకే పులికాటు సరస్సు కనబడును. ఉప్పునీటి సరస్సులలో చిల్కా తరువాత మనదేశమున ఇదియే పెద్దది. సరస్సు నడుమ వేసిన కట్టమీదుగా బాట సాగిపోవును. శీతకాలమున ఆ బాటకు ఇరువైపుల, లోతులేని నీటిలో, గులాబివన్నె రెక్కలుగల రాజహంసలు బారులు తీరి నిలుచును. బాట చివర ఉన్నదే శ్రీహరికోట దీవి. దానికి ఒకవైపు సరస్సు, ఒకవైపు బంగాళాఖాతము. చిరకాలము నెల్లూరు జిల్లాలో ఉండిన ఈ ప్రాంతము 2022వ సంవత్సరమునుండి తిరుపతి జిల్లాలో చేరినది. 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి యను చిన్న రాకెట్టు పైకెగురుటతో ఇచ్చటి ప్రయోగకేంద్రము పని ప్రారంభమాయెను. 2025 జనవరి 29వ తేదీన ఇచ్చటినుండి నూరవ ఉపగ్రహవాహనము బయలుదేరెను.

ఈ దీవికి పోవు బాట మొదట, సూళ్లూరుపేటలో, కాళంగి నది యొడ్డున చెంగాళమ్మ గుడి కలదు. ఆ గుడికి తలుపులు మూయు ఆచారము లేదు. ఏ వేళ వచ్చిన బాటసారికైనను అమ్మవారి దర్శనము లభించును. ప్రయోగమునకు ముందు అంతరిక్ష సంస్థ పెద్దలు ఈ గుడికి వచ్చి పూజ చేయించుట వాడుక. 2023 జూలై 14వ తేదీన చంద్రయాన్-3 బయలుదేరుటకు ముందు ఆనాటి సంస్థాధ్యక్షులు సోమనాథ్ ఇచ్చటికి వచ్చి ప్రార్థించిరి. శాస్త్రజ్ఞులు కొందరు ఆ నౌకయొక్క చిన్న నమూనాను తిరుమల శ్రీనివాసుని సన్నిధికి కొనిపోయిరి.

ఇట్టి వార్తలు పత్రికలలో వచ్చినపుడెల్ల రెండు విధములైన మాటలు వినబడును. "విజ్ఞానము నేర్చినవారికి ఈ మూఢత్వమేల?" అని కొందరు పరిహసింతురు. "చూచితిరా! దైవబలము లేనిదే రాకెట్టు కదలదు" అని మరికొందరు గర్వింతురు. ఈ రెండును తొందరపాటు మాటలని నా యభిప్రాయము. పూజ చేసినవారు ఆ పూజకు పిమ్మట ఏమి చేసిరో చూడనిదే వారి విశ్వాసము ఎట్టిదో మనము నిర్ణయింపరాదు.

ఒక నిదర్శనము చూడుడు. 2019వ సంవత్సరమున చంద్రయాన్-2 ప్రయోగమునకు ముందు, అప్పటి అధ్యక్షులు శివన్ తిరుమలకు పోయి స్వామిని దర్శించిరి. జూలై 15వ తేదీ తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషములకు వాహనము బయలుదేరవలసియుండెను. ఆ దృశ్యమును చూచుటకు రాష్ట్రపతి స్వయముగా శ్రీహరికోటకు వచ్చియుండిరి. దేశమున వేలకొలది ఇండ్లలో జనులు మేలుకొని యుండిరి. కౌంట్‌డౌన్ అను వెనుకలెక్క నడచుచుండెను. ఇంకను 56 నిమిషములున్నవనగా వాహనములో ఒక లోపము బయటపడెను. వెంటనే లెక్కను నిలిపివేసిరి. పూజ జరిగినదిగదా యనియు, ముహూర్తము మించిపోవుచున్నదనియు, ఇంత గొప్పవారు వచ్చి కూర్చుండిరనియు వారు ముందుకు పోలేదు. లోపమును వెదకి, సరిచేసి, వారము గడచిన పిమ్మట, జూలై 22వ తేదీన ప్రయోగించిరి.

దేవునికి మ్రొక్కిన చేతులే ఆ లెక్కను నిలిపినవి. ఈ రెండు పనులకును విరోధము లేదని నేను తలంతును. నిజమైన భక్తుడు దేవుని తన పనికి సాక్షిగా పిలుచును; తన తప్పులను దాచుటకు తెరగా వాడుకొనడు. నేను బాల్యమున ప్రతి పరీక్షకు ముందును దేవునికి మ్రొక్కుకొనెడివాడను. నా మ్రొక్కు ఏమనగా, నేను చదువని పాఠమునుండి ప్రశ్న రాకుండ చూడుమని! నేను దానినే భక్తి యనుకొంటిని. అది భక్తి కాదు, బేరమని తెలిసికొనుటకు నాకు చాలకాలము పట్టెను.

లోపము కనబడినపుడు ఆగవలెనను ఈ వివేకము ఒక్కనాటిలో వచ్చినది కాదు. అంతకు నలువది యేండ్లకు ముందు ఇదే దీవిలో జరిగిన మరియొక ప్రయోగమును జ్ఞప్తికి తెచ్చుకొందము. 1979 ఆగస్టు 10వ తేదీన మనదేశపు మొదటి ఉపగ్రహవాహనమగు ఎస్.ఎల్.వి.-3 ఎగురుటకు సిద్ధమై నిలిచియుండెను. దాని పొడవు 22 మీటర్లు. బరువు 17 టన్నులు. ఆ నిర్మాణమునకు నాయకులు రామేశ్వరమునకు చెందిన అబ్దుల్ కలాము. ప్రయోగమునకు కొలదిసేపు ముందు, ఏదో లోపమున్నదని కంప్యూటరు లెక్కను నిలిపివేసెను. ప్రక్కనున్న నిపుణులు పరిశీలించి, భయము లేదని చెప్పిరి. కలాము వారి మాట నమ్మి, కంప్యూటరు హెచ్చరికను త్రోసిపుచ్చి, ప్రయోగించుటకు అనుమతి నిచ్చిరి. మొదటి దశ చక్కగా సాగెను. రెండవ దశలో నియంత్రణ తప్పెను. ఒక కవాటము మూసికొనక పోవుటచే, వాహనమును దారిలో నిలుపుటకు కావలసిన ద్రవము ముందే కారిపోయి యుండెను. ఐదు నిమిషములు దాటిన కొంతసేపటికే, ఎన్నో యేండ్ల శ్రమ బంగాళాఖాతములో పడిపోయెను.

ఆనాడు పత్రికలవారు వచ్చి కూర్చుండిరి. వారి యెదుటికి పోవుటకు కలాముకు భయమాయెను. సంస్థాధ్యక్షులగు సతీష్ ధవన్ ఆయనను వెంటబెట్టుకొని పోయి, వైఫల్యపు భారమును తామే వహించి, తమ సహచరులయందు తమకు పూర్తి నమ్మకము గలదనియు, మరుసటి యేట వారు తప్పక సాధింతురనియు చెప్పిరట. 1980 జూలై 18వ తేదీన అదే తరగతి వాహనము 35 కిలోల రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. అప్పుడు మాత్రము ధవన్ వెనుక నిలిచి, పత్రికలవారితో మాటలాడుటకు కలామును ముందుకు పంపిరట. ఈ సంగతిని కలాము తాము రాష్ట్రపతియైన తరువాతను పలుమార్లు కృతజ్ఞతతో చెప్పుకొనిరి.

ఈ కథను మనము సాధారణముగా విజయగాథగా చెప్పుకొందుము. నా దృష్టిలో దీని విలువ అంతయు నడుమనున్న ఆ ఒక్క సంవత్సరములో ఉన్నది. విజయము కలిగినపుడు నమ్ముట సులభము. రాకెట్టు సముద్రములో పడినపుడు, జనులు నవ్వుచున్నపుడు, తప్పు ఎక్కడ జరిగినదో ఒక్కొక్క మరను విప్పి వెదకుచు, మరల పనికి కూర్చుండుటకు కావలసినది విశ్వాసము. శ్రీహరికోటలో ఇట్టి దినములు మరికొన్ని వచ్చినవి. 1987లోను, 1988లోను, 1993లోను వాహనములు విఫలమైనవి. చంద్రయాన్-2 చక్కగా బయలుదేరినను, 2019 సెప్టెంబరు 7వ తేదీన దాని ల్యాండరు చంద్రుని నేలపై కూలిపోయెను. ప్రార్థన ఫలమునకు హామీ పత్రము కాదని దీనినిబట్టి తెలియుచున్నది. అటుపిమ్మట చంద్రయాన్-3ను నిర్మించినవారు, ఏ భాగము ఏ విధముగా చెడిపోవచ్చును అను ప్రశ్నతోనే పని ప్రారంభించిరి. ల్యాండరు కాళ్లను బలపరచిరి, ఇంధనమును హెచ్చించిరి, దిగుటకు ఎన్నుకొను చోటును విశాలము చేసిరి. 2023 ఆగస్టు 23వ తేదీన అది చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున మెల్లగా దిగెను. తన తప్పును చూడగల ధైర్యము కూడ విశ్వాసములోని భాగమే.

ఇక రెండవ ప్రశ్న. నేనెవరిని?

కలాము తండ్రి రామేశ్వరములో మసీదున ప్రార్థనలు జరిపించు పెద్ద. ఆ ఊరి రామనాథస్వామి ఆలయపు ప్రధానార్చకులు ఆయనకు మంచి మిత్రులు. వారి పిల్లలు ఒకే తరగతిలో ప్రక్కప్రక్కల కూర్చుండెడివారు. ఒకనాడు క్రొత్తగా వచ్చిన ఉపాధ్యాయుడొకడు, అర్చకుని కుమారుని ప్రక్క ముస్లిం బాలుడు కూర్చుండుట సహింపక, కలామును వెనుక వరుసకు పంపెను. ఇద్దరు బాలురును దుఃఖించిరి. సంగతి విని అర్చకుడు ఆ ఉపాధ్యాయుని పిలిపించి, పసివారి మనసులలో ఇట్టి విషము నాటరాదని గట్టిగా మందలించెను. ఉపాధ్యాయుడు తన తప్పు తెలిసికొనెను. ఆ వెనుక వరుసలోని బాలుడే తరువాత శ్రీహరికోటలో దేశపు మొదటి ఉపగ్రహవాహనమునకు నాయకుడయ్యెను. ఆయన తన మతమును విడువలేదు, పరమతమును ద్వేషింపలేదు.

కేరళలోని తుంబా యను బెస్తపల్లెలో 1960 ప్రాంతములందు మొదటి రాకెట్టు కేంద్రమునకు స్థలము కావలసినపుడు, అచ్చటి క్రైస్తవులు, తమ బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరైరా మాట మన్నించి, తమ చర్చిని ఇచ్చివేసిరి. 1963 నవంబరు 21వ తేదీన అచ్చటినుండి మొదటి రాకెట్టు ఎగిరెను. మసీదు పెద్ద కుమారుడు, చర్చినిచ్చిన బెస్తవారు, చెంగాళమ్మకు మ్రొక్కు శాస్త్రజ్ఞుడు, ఏ దేవునికిని మ్రొక్కని శాస్త్రజ్ఞుడు, వీరందరి చేతులును ఆ పనిలో కలిసినవి. పుట్టుక మనకు పేరునిచ్చును; మనము పూనుకొన్న బాధ్యత ఆ పేరునకు అర్థము నిచ్చును.

అయితే ఈ మాట చెప్పి ఇంతటితో విరమించినచో నేను సగము సత్యమే చెప్పినవాడనగుదును. శ్రీహరికోటకు మరియొక ముఖము కలదు. రాకెట్లు రాకమునుపు ఆ అడవి యానాదులకు నివాసము. వారు దుంపలు త్రవ్వి, తేనె తీసి, చేపలు పట్టి, మూలికలు సేకరించి జీవించెడివారు. ఏ యాకు ఏ నొప్పికి పనికివచ్చునో వారికి తెలిసినంత మనకు తెలియదు. కేంద్రము ఏర్పడినపుడు దీవిలోని పల్లెలు కదలవలసి వచ్చినవి. తరతరములుగా నమ్ముకొన్న అడవిలో యానాదుల స్వేచ్ఛకు హద్దులేర్పడినవి.

అంతకు ముందే వారికి మరియొక అన్యాయము జరిగియుండెను. ఆంగ్లేయ ప్రభుత్వము 1871లో చేసిన నేరస్థజాతుల చట్టమును తరువాత మద్రాసు రాష్ట్రమునకును విస్తరింపజేసి, నెల్లూరు సీమ యానాదులలో కొందరిని దాని క్రిందికి తెచ్చెను. తల్లి యొడిలోని బిడ్డకు కూడ నేరస్థుడను పేరు! నీవెవరవని అడుగక, నీవు ఫలానావాడవని నుదుట వ్రాసి పంపుటకంటె ఘోరమేమున్నది? మనుష్యునికి ఇతరులు తగిలించు పేరు అతని స్వరూపము కాదని తెలిసిన నెల్లూరు న్యాయవాది యొకరు వారి పక్షమున నిలిచిరి. ఆయన వెన్నెలకంటి రాఘవయ్య. 1897లో జన్మించి 1981లో పరమపదించిన ఆ పెద్ద తమ జీవితమున అధికభాగమును యానాదుల కొరకును, ఇతర ఆదిమజాతుల కొరకును వినియోగించిరి. ఆ చట్టము పోవలెనని పాటుపడిరి. స్వతంత్ర భారతమున 1952లో అది రద్దాయెను. 1962లో ఆయన యానాదులను గూర్చి ఆంగ్లమున ఒక గ్రంథము ప్రకటించిరి. ప్రభుత్వము 1973లో ఆయనను పద్మభూషణ బిరుదముతో సన్మానించెను. రాఘవయ్య యానాది కుటుంబమున పుట్టినవారు కారు. ఐనను వారి కష్టము తన కష్టమనుకొనిరి. నేనెవరినను ప్రశ్నకు ఇదియు ఒక గొప్ప సమాధానము.

ఇట్లు మూడవ ప్రశ్నకు వచ్చితిమి. దేనికొరకు బ్రతుకవలెను? లేక, ఈ దీవి విషయములో అడుగవలసిన తీరున అడిగినచో, ఆ రాకెట్లు ఎవరికొరకు ఎగురవలెను?

1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన విరుచుకొని పడి వేలాదిమందిని పొట్టనబెట్టుకొనెను. తగిన హెచ్చరిక సకాలమున పల్లెలకు చేరలేదు. 2002 సెప్టెంబరు 12వ తేదీన శ్రీహరికోటనుండి వాతావరణ పరిశీలనకై ఒక ఉపగ్రహమును పంపిరి. తరువాత దానికి కల్పన యని పేరిడిరి. అటుపిమ్మట ఇట్టివి మరికొన్ని చేరినవి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకునప్పటికి, దాని రాకను దినములముందే తెలిసికొని తీరవాసులను భద్రమైన చోట్లకు చేర్చగలిగిరి. ఆస్తినష్టము అపారమైనను ప్రాణనష్టము దివిసీమనాటిదానితో పోల్చదగినది కాదు. 2009 సెప్టెంబరు 23వ తేదీన ఎగిరిన ఓషన్‌శాట్-2 సముద్రపు రంగును కొలిచెను. నీటిలో సూక్ష్మమైన పచ్చని మొక్కలు హెచ్చుగానున్నచోట వానిని తిను జీవులును, ఆ జీవులను తిను చేపలును చేరును. ఇట్టి వివరములనుబట్టి చేపలు దొరకు తావులను హైదరాబాదులోని మహాసముద్ర సమాచార కేంద్రము బెస్తవారికి తెలుపుచుండును. ఆకసమున తిరుగు యంత్రమొకటి కట్టుమరము నడుపు పేదవాని వల నింపుచున్నదన్నమాట.

ఇది గొప్ప ప్రయోజనమే. కాని దీనితో ఋణము తీరిపోలేదు. చంద్రుని చేరిన మార్గము ఏ దీవినుండి మొదలైనదో, ఆ దీవి చుట్టుప్రక్కల యానాది బిడ్డలలో చదువు నడుమ మానుకొనువారు ఉన్నంతకాలము, మన విజయోత్సవములలో ఒక కొరత ఉన్నట్లే భావింపవలెను. ఎత్తునకు ఎగిరినవానికి క్రిందనున్న నేల మరింత విశాలముగ కనబడవలెను గాని, కనుమరుగు కారాదు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు శాస్త్రజ్ఞులగుదురు. కొందరు రైతులు, ఉపాధ్యాయులు, వైద్యులు అగుదురు. మీరు గుడికి పొండు, మసీదుకు పొండు, చర్చికి పొండు. లేదా ఎచ్చటికిని పోక మీ మనస్సాక్షినే కొలువుడు. అది మీ ఇష్టము. కాని ప్రార్థన ముగిసిన పిమ్మట మీ లెక్కను మరియొకసారి సరిచూచుకొనుడు. తప్పు కనబడినచో, ఎదుట ఎంతటివారు కూర్చుండియున్నను, ఆగుడు. విఫలులైనచో మరునాడు మరల పనికి కూర్చుండుడు. మీ తోడివారు విఫలులైనపుడు వారి ప్రక్కన నిలువుడు. మీ తరగతిలో ఎవరినైనను వెనుక వరుసకు నెట్టునపుడు ఊరకుండకుడు. మీరు ఎక్కిన మెట్టు ఎవరి నేలపై కట్టినదో మరువకుడు.

చెంగాళమ్మ గుడికి తలుపులు మూయరని చెప్పితినిగదా. శాస్త్రజ్ఞుడు వచ్చినను, బెస్తవాడు వచ్చినను, అడవినుండి యానాది వచ్చినను ఆ గడప ఒక్కటే. మన విశ్వాసమును అట్టిదైనపుడే దానికి సార్థకత.